కీబోర్డు: ఒక్క మాట, ఎన్ని అర్థాలు? (నిఘంటువు ఆరోపం కోసం చర్చ)

పదకోశం · #1

నిఘంటువులో ‘కీబోర్డు’ ఆరోపం (తలమాట, దాని అర్థవివరణ) తిరగరాస్తున్నాం. చిత్తుప్రతిలో ఇప్పుడున్నది ఒకే వాక్యం: “కంప్యూటరులోకి అక్షరాలు ఎక్కించే మీటల పలక.” ఇది చాలదు. రోజూ చెవిన పడే ఈ మాటలు చూడండి.

“నీది యాపిల్ కీబోర్డా, మాడ్యులరా?”
“ఫోన్లో తెలుగు కీబోర్డు వేసుకో.”
“రేపు కచేరీకి కీబోర్డు ఎవరు?”
“కీబోర్డు అయిపోయింది, ఇక స్పీడే.”
“208 తాళం కీబోర్డుకే ఉంది చూడు.”

ఈ ఐదింటిలో ఒక్కదానికీ ఆ నిర్వచనం అతకదు. మొదటిది అక్షరాల అమరిక, రెండోది యాప్, మూడోది మనిషి, నాలుగోది టైపు ఇన్‌స్టిట్యూట్‌లో తొలి పాఠాలు, ఐదోది లాడ్జి గోడకున్న చెక్క. ఏ పనిలో ఉన్నవాళ్లు ఆ అర్థం రాయండి. అక్కడ నిజంగా ఏమంటారు, మాట పొరపాటుగా అర్థమైతే పనిలో ఏం చెడుతుంది, ఈ రెండూ ఉండాలి.

రూపం గురించి నా నిర్ణయం: ‘కీబోర్డు’, కలిపి, ఉకారాంతంగా. బహువచనం ‘కీబోర్డులు’. గూడు గూళ్లయినట్టు, తాడు తాళ్లయినట్టు ఇది మారదు. ఎరువు తెచ్చుకున్న మాటల్లో చివరి ‘డు’ అలాగే నిలబడుతుంది (కార్డులు, బోర్డులు, రికార్డులు).

నుడిగుడి · #2

‘కీ’ దగ్గర ఒక మాట. తెలుగులో దీనికి ముందే మూడు నాలుగు పనులున్నాయి: గడియారానికి కీ ఇవ్వడం, పరీక్ష కీ విడుదలవడం, బండి కీ. వీటిలో చిక్కు లేదు. చిక్కు బహువచనంలో ఉంది. ‘కీలు’ అంటే తలుపు కీలు, మోకాలి కీలు. “ల్యాప్‌టాప్ కీలు విరిగింది” అంటే మూత తిరిగే కీలు అనే అర్థం చేసుకుంటాం. అందుకే నోటి వాడుకలో ‘కీస్’, ‘బటన్లు’ అంటున్నారు. “ఎంటర్ బటన్ పని చెయ్యట్లేదు” అనే మాటే ఎక్కువ వినిపిస్తుంది. ఆరోపంలో ‘మీట’ అని రాస్తే ఈ గందరగోళం పోతుంది. మీట నొక్కడం పత్రికల్లో, మాటల్లో బాగా నలిగిన ప్రయోగమే. ‘మీటల పలక’ మాత్రం రాతలోనే కనిపిస్తుంది. పర్యాయపదంగా ఇవ్వండి, తలమాటగా వద్దు.

ఇంగ్లీషులో ఈ మాట టైప్‌రైటరు కంటే ముందే వాద్యాలది. లాటిన్‌లో ‘క్లావిస్’ అంటే తాళంచెవి. ఆర్గన్, హార్ప్సికార్డ్ మెట్లకు ఆ పేరు వచ్చింది. ‘క్లావియర్’ కూడా దాని నుంచే. షోల్స్, గ్లిడెన్‌ల టైప్‌రైటరును రెమింగ్టన్ వాళ్లు 1874లో అమ్మకానికి తెచ్చేనాటికి ‘కీ’ సంగీతంలో పాతబడిన మాట. అర్థాలను చరిత్ర వరసలో పెట్టాలా, వాడుక వరసలో పెట్టాలా అన్నది మీరు తేల్చాలి. నా ఓటు వాడుకకే.

అచ్చుపని · #3

డీటీపీలో (కంప్యూటరు మీద పేజీలు కూర్చే పని) ‘కీబోర్డు’ అంటే అమరికే. పరికరాన్ని కూడా కీబోర్డే అంటాం గానీ, “ఏ కీబోర్డు?” అన్న ప్రశ్నకు కంపెనీ పేరు ఎవరూ చెప్పరు. యాపిల్, మాడ్యులర్, డీఓఈ, టైప్‌రైటర్, రోమన్ పద్ధతి, ఇవీ జవాబులు. ‘యాపిల్ కీబోర్డు’ వాడటానికి యాపిల్ కంప్యూటరు అక్కర్లేదు. విండోస్ మీద ‘అను’ స్క్రిప్ట్ మేనేజర్ (తెలుగు ఫాంటులు, అమరికలు ఇచ్చే సాఫ్ట్‌వేర్) వేసుకుని, 300 రూపాయల మామూలు కీబోర్డు మీదే యాపిల్ కొడతారు. నిఘంటువు చూసి ఈ పని నేర్చుకోవడానికి వచ్చే పిల్లలకు ఈ తేడా తెలియాలి. ‘డీఓఈ’ అన్నది అప్పటి కేంద్ర ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ శాఖ ఇంగ్లీషు పేరులోని పొడి అక్షరాలు.

ఇక్కడ మాట పొరపడితే ఏం చెడుతుందో చెబుతాను. అమరిక వేరు, ఫాంటు ఎన్‌కోడింగ్ వేరు. “యాపిల్‌లో కొట్టిన ఫైలు” అన్నంత మాత్రాన అది ఎలా తెరుచుకుంటుందో తెలియదు. అను ఫాంటులో కొట్టిన ‘క’ ఫైలులో తెలుగు ‘క’గా ఉండదు. ఒక ఇంగ్లీషు అక్షరమో గుర్తో ఉంటుంది, దాని మీద తెలుగు బొమ్మ తొడిగి ఉంటుంది. ఆ ఫాంటు లేని చోట, వాట్సాప్‌లో గానీ మెయిల్లో గానీ అతికిస్తే పిచ్చి అక్షరాలు వస్తాయి. కీబోర్డు మార్చి చూస్తే బాగవుతుందని చాలామంది అనుకుంటారు. బాగవదు. ఫైలును యూనికోడులోకి (ఏ ఫాంటుకైనా చెల్లే అక్షర సంకేతాల్లోకి) మార్చాలి.

మార్చేటప్పుడు ముందు ఏ వెర్షన్ ఫాంటో కనుక్కోండి. అను 6, అను 7 పట్టికలు ఒకటి కావు. తప్పు పట్టికతో మారిస్తే సగం అక్షరాలు సరిగ్గానే వచ్చి, వత్తులు, గుణింతాలు తారుమారవుతాయి. చూడగానే దొరికే తప్పు కాదు కాబట్టి అదే ఎక్కువ ప్రమాదం. మార్చాక మూడు చోట్ల కన్నేయాలి: ‘మ, ఘ, ఝ’ లాంటివి (ఆ ఫాంటుల్లో అక్షరాన్ని ముక్కలుగా పేర్చి గీస్తారు, ముక్క జారితే మరో అక్షరం అవుతుంది), జంట వత్తులున్న ‘స్త్ర్య, ష్ట్ర’ లాంటివి, కొటేషన్ గుర్తులు. చివరగా ఫైలులో ఇంగ్లీషు అక్షరాలను వెతకండి. తెలుగు పేరాలో ఒంటరి ఇంగ్లీషు అక్షరం తగిలితే అక్కడ మార్పిడి తప్పింది.

పొల్లు · #4

అచ్చుపని గారు డీఓఈ అన్నారు గనుక ఇన్‌స్క్రిప్ట్ (ఆ శాఖ తెచ్చిన ప్రామాణిక అమరిక) సంగతి ఇక్కడే వివరంగా రాస్తాను. ‘అమరిక’ అన్న అర్థానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు.

ఎలక్ట్రానిక్స్ శాఖ దీన్ని 1986లో ప్రమాణంగా తెచ్చి 1988లో సవరించింది. 1991లో వచ్చిన భారత ప్రమాణం ఐఎస్ 13194లోనూ ఇది ఉంది. ఎడమ చేతికి అచ్చులు, గుణింతాలు. హల్లులు చాలావరకు కుడి చేతికి. హిందీ, కన్నడం, బెంగాలీ, ఏ లిపికైనా ఒక ధ్వనికి ఒకే మీట. తెలుగులో ‘క’ కొట్టే వేలే కన్నడంలోనూ ‘క’ కొడుతుంది.

మన వ్యాకరణం తెలిసినవారికి ఈ అమరిక బొమ్మ చూస్తేనే ముచ్చటేస్తుంది. చేతులు ఆనే నడిమి వరసలో కుడివైపు పరుషాలన్నీ ఉన్నాయి: హెచ్ మీద ప, కె మీద క, ఎల్ మీద త, సెమీకోలన్ మీద చ, దాని పక్క కొటేషన్ మీట మీద ట. ఒక్కో పరుషానికి కాస్త ఎడమగా పై వరసలో దాని సరళం: వై మీద బ, ఐ మీద గ, ఓ మీద ద, పి మీద జ, ఆ పక్క బ్రాకెట్ మీట మీద డ. షిఫ్ట్ నొక్కితే అదే మీట మీద ఒత్తక్షరం: ఖ, ఘ, థ, ధ. అంటే వేలు కిందనుంటే పరుషం, ఒక మెట్టు ఎక్కితే సరళం, షిఫ్ట్ పడితే మహాప్రాణం. మధ్యలో జె మీద ర, యు మీద హ మాత్రమే ఈ సూత్రానికి బయట.

గుణింతాలూ అంతే. ఎఫ్ మీద గుడి, దాని పైన ఆర్ మీద గుడిదీర్ఘం. జి మీద కొమ్ము, పైన టి మీద కొమ్ముదీర్ఘం. డి మీద పొల్లు, పైన ఇ మీద దీర్ఘం. ఎస్ మీద ఏత్వం, పైన డబ్ల్యూ మీద ఐత్వం. ఎ మీద ఓత్వం, పైన క్యూ మీద ఔత్వం. షిఫ్ట్‌తో అవే మీటలు విడి అచ్చులను ఇస్తాయి: ఇ, ఈ, ఉ, ఊ, ఏ, ఐ, ఓ, ఔ. డి మీద షిఫ్ట్‌తో అ, ఇ మీద షిఫ్ట్‌తో ఆ.

వత్తు విడిగా ఉండదు. హల్లు, పొల్లు, హల్లు. ‘రాష్ట్రం’ కొట్టాలంటే ర, దీర్ఘం, ష, పొల్లు, ట, పొల్లు, ర, సున్న, మొత్తం ఎనిమిది నొక్కులు. టైప్‌రైటరు అలవాటుతో వచ్చినవాళ్లు వత్తు మీట కోసం వెతుకుతూ ఆగిపోయేది ఇక్కడే.

బడిగంట · #5

పొల్లు గారూ, ఇంటర్ పిల్లలకు నేర్పాలంటే ఇన్‌స్క్రిప్టా, ఇంగ్లీషు అక్షరాలతో కొట్టే ఫొనెటిక్కా? రెండు వారాల వ్యవధి, రోజుకు ముప్పావుగంట. విండోస్ 11 మెషీన్లు.

పొల్లు · #6

బడిగంట గారూ, ఆ వ్యవధికి ఇన్‌స్క్రిప్ట్ సరిపోతుంది. కారణం లెక్కతోనే చెబుతాను.

‘కమలం’: ఇన్‌స్క్రిప్ట్‌లో 4 నొక్కులు, ఆర్‌టీఎస్ (ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే తీరు) పద్ధతిలో 7. ‘విశ్వవిద్యాలయం’: 14, 16. ‘రాష్ట్రం’: 8, 9. ‘అమ్మ’: రెండింట్లోనూ 4. తేడా ఎక్కడంటే, ఫొనెటిక్‌లో ప్రతి అకారాన్నీ కొట్టాలి, ఇన్‌స్క్రిప్ట్‌లో అకారం ఊరికే వస్తుంది, బదులుగా పొల్లు కొట్టాలి. అకారాలు ఎక్కువున్న మాటల్లో లాభం పెద్దది, సంయుక్తాక్షరాలు పెరిగేకొద్దీ తగ్గుతుంది. వేగం ఒక్కటే కాదు. ఫొనెటిక్‌లో పిల్లవాడు ళ, ల తేడాను పెద్దబడి (క్యాపిటల్), చిన్నబడి (స్మాల్) ఇంగ్లీషు అక్షరాల తేడాగా నేర్చుకుంటాడు. ఇన్‌స్క్రిప్ట్‌లో ‘ళ’ను ‘ళ’గానే చూస్తాడు.

విండోస్ 11లో వేసే తీరు: సెట్టింగ్స్, అందులో టైమ్ అండ్ లాంగ్వేజ్, తర్వాత లాంగ్వేజ్ అండ్ రీజియన్. ‘యాడ్ ఎ లాంగ్వేజ్’ నొక్కి తెలుగు ఎంచుకోండి. తెలుగు పక్కనున్న మూడు చుక్కల్లో లాంగ్వేజ్ ఆప్షన్స్‌కు వెళ్తే కీబోర్డుల జాబితా ఉంటుంది. అక్కడ ‘తెలుగు’ అని మాత్రమే ఉన్నది ఇన్‌స్క్రిప్ట్. ‘తెలుగు ఫొనెటిక్’ వేరు. అది విండోస్ 10కు 2019 మేలో వచ్చిన అప్‌డేట్‌తో చేరింది. విండోస్ మీట, స్పేస్ కలిపి నొక్కితే భాష మారుతుంది.

మొదటి రోజు రెండు ఫిర్యాదులు వస్తాయి. ఒకటి: “ఎ కొడితే చుక్కల వలయం పక్కన ఓత్వం వస్తోంది.” ఫొనెటిక్ అనుకుని ఇన్‌స్క్రిప్ట్ వేశారన్నమాట. చుక్కల వలయం అంటే గుణింతం పట్టుకోవడానికి హల్లు లేదని. రెండు: “పాస్‌వర్డు పట్టడం లేదు.” లాగిన్ తెరలో భాష తెలుగులో ఉండిపోయింది. కింద కుడి మూల చూసి మార్చుకోమనండి.

రెండు వారాల క్రమం ఇలా పెట్టుకోవచ్చు. మూడు రోజులు నడిమి వరస కుడిచెయ్యి, పొల్లు, గుడి, కొమ్ము: పక్క, చిట్టి, తుపుక్కు లాంటి మాటలు ఆ వరసతోనే వస్తాయి. మూడు రోజులు పై వరస సరళాలు, దీర్ఘాలు. రెండు రోజులు కింది వరస: ఎక్స్ సున్న, సి మ, వి న, బి వ, ఎన్ ల, ఎం స, స్లాష్ య. మిగిలింది షిఫ్ట్.

దూరతీరం · #7

అమెరికా నుంచి రాస్తున్నాను. ఆర్‌టీఎస్‌ను నొక్కుల లెక్కతోనే తూచితే దానికి అన్యాయం. పూర్తి పేరు రైస్ ట్రాన్స్‌లిటరేషన్ స్టాండర్డ్. ఇక్కడి రైస్ విశ్వవిద్యాలయం పేరు అది. యూజ్‌నెట్‌లో (ఇంటర్నెట్ తొలినాళ్ల చర్చావేదికలో) అప్పట్లో తెలుగు ఫాంటూ లేదు, తెలుగు కీబోర్డూ లేదు. ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగును మళ్లీ తప్పు లేకుండా తెలుగు లిపిలోకి తేవాలంటే ఒక రాతకు ఒకే ధ్వని ఉండాలి. ఆ అవసరంతో పుట్టిన పద్ధతి ఇది. తర్వాత లేఖిని లాంటి ఉపకరణాలు ఈ తరహాలోనే నడిచాయి. అది టైపింగు కంటే ముందు ఒక లిప్యంతరీకరణ ప్రమాణం. ‘కీబోర్డు’ అర్థాల్లో దాన్ని కలపాలంటే “లిప్యంతరీకరణ పద్ధతిని కూడా వాడుకలో కీబోర్డు అంటారు” అని వేరే వాక్యం రాయండి.

ఫోన్లోని ‘ఇంగ్లీషులో కొడితే తెలుగు’ వేరు. అక్కడ స్థిరమైన నియమం లేదు, నిఘంటువు చూసి ఊహిస్తుంది. అదే రాత రెండుసార్లు రెండు మాటలు ఇవ్వవచ్చు. విండోస్ ఫొనెటిక్ కూడా ఊహలు చూపించేదే.

అచ్చుపని · #8

ఇన్‌స్క్రిప్ట్ మీద పొల్లు గారి ప్రేమ సరే. ఒక లోపం దాచకూడదు. తెలుగుకు ఎత్వం, ఒత్వం ప్రాణం: తెలుగు, చెప్పు, నెల, కొడుకు, పొలం, మొదలు. దేవనాగరిలో హ్రస్వ ఎ, ఒలతో పెద్దగా పని లేదు. అమరికను అన్ని లిపులకూ ఒక్కటిగా పెట్టేసరికి మన ఎత్వం కింది వరసలో జెడ్ మీదకీ, ఒత్వం అంకెల వరస మొదట్లో 1కి ఎడమనున్న మీట మీదకీ పోయాయి. రెండూ ఎడమ చిటికెన వేలే. ‘కొత్తకొత్త’ అని పేజీ కొట్టండి, చిటికెన వేలు చెబుతుంది. కొన్ని ల్యాప్‌టాపుల్లో ఆ ఒత్వం మీట చిన్నది, ఎస్కేప్ కింద ఇరుక్కుని ఉంటుంది. రోజుకు ముప్పై పేజీలు కొట్టే ఆపరేటరు యాపిల్ వదలకపోవడానికి అలవాటు ఒక్కటే కారణం కాదు.

పొల్లు · #9

ఒప్పుకుంటున్నాను, అది నిజమైన లోపమే. లైనక్స్‌లో ఐబస్, ఎం17ఎన్ (భాషల అమరికలు అందించే ఉపకరణాలు) ద్వారా యాపిల్ అమరికతోనే నేరుగా యూనికోడు కొట్టవచ్చు. ఆర్‌టీఎస్, పోతన, సరళ అమరికలూ ఆ జాబితాలో ఉన్నాయి. అమరిక వదలకుండా ఎన్‌కోడింగ్ మారడం సాధ్యమేనని దీనితో తేలుతుంది.

ఇక ఏ అమరికలోనైనా జరిగే తప్పులు. ఇవి కంటికి కనబడవు, వెతుకులాటలో బయటపడతాయి.

సున్న: పూర్ణానుస్వారం ‘ం’ వేరు, తెలుగు అంకె సున్న ‘౦’ వేరు. ‘స౦ఘ౦’ అని అంకెతో కొట్టినా చూపుకు సంఘమే. గూగుల్‌లో, పేజీలో, డేటాబేస్‌లో దొరకదు. ఫైలులో ‘౦’ను వెతికి, పక్కన అంకె లేకుండా అక్షరం ఉన్న ప్రతిచోటా మార్చండి.

విసర్గ: ‘దుఃఖం’లో కోలన్ పెట్టేవాళ్లున్నారు. ఇన్‌స్క్రిప్ట్‌లో షిఫ్ట్, హైఫన్ కలిపితే అసలు విసర్గ వస్తుంది.

పొల్లు నిలపడం: ‘సాఫ్ట్‌వేర్’ అని ఊరికే కొడితే ట కింద వ వత్తు చేరి ‘సాఫ్ట్వేర్’ అవుతుంది. పొల్లు తర్వాత కనబడని విడదీత గుర్తు పడాలి. విండోస్ ఇన్‌స్క్రిప్ట్‌లో కంట్రోల్, షిఫ్ట్, 2 కలిపి నొక్కాలి, లేఖినిలో ‘^’. మధ్యలో ఖాళీ పెట్టి సరిపెట్టుకుంటే మాట రెండు ముక్కలై వరస చివర విరుగుతుంది.

ఐత్వం: ‘కై’ని ఎత్వానికి కింద ఐత్వపు గుర్తు విడిగా చేర్చి కూడా రాయవచ్చు. యూనికోడు రెండింటినీ సమానమే అంటుంది, కానీ నార్మలైజేషన్ (సమానమైన రాతలను ఒక్కటి చేయడం) చేయని ప్రోగ్రాము వేరువేరు మాటలుగా చూస్తుంది.

చెరపడం: ‘లక్ష్మి’లో ఏడు సంకేతాలున్నాయి: ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. బ్యాక్‌స్పేస్ వెనక నుంచి ఒక్కో సంకేతాన్ని ఒలుస్తుంది, ముందు గుడి పోతుంది. డిలీట్ మీట చాలా ప్రోగ్రాముల్లో ‘క్ష్మి’ గుత్తి మొత్తాన్నీ ఒకేసారి తీసేస్తుంది. ఒక వత్తు మాత్రమే దిద్దాలంటే అక్షరం వెనక నిలబడి బ్యాక్‌స్పేసే వాడాలి.

స్క్రూడ్రైవర్ · #10

పరికరం అన్న అర్థానికి నా వంతు. మామూలు డెస్క్‌టాప్ కీబోర్డుకు 104 మీటలు. లోపల మూడు ప్లాస్టిక్ పొరలు: పైదానికీ కిందిదానికీ విద్యుత్తు పారే గీతలు, మధ్య పొరకు మీట చోటల్లా రంధ్రం. మీట నొక్కితే రబ్బరు టోపీ కుంగి, రంధ్రంలోంచి పై గీత కింది గీతను తాకుతుంది. ఒక్కో మీటకు ఒక్కో తీగ ఉండదు. గీతలు అడ్డం, నిలువు గళ్లుగా ఉంటాయి. రోగం కనిపెట్టడానికి ఇది తెలిస్తే చాలు.

ఒక్క మీటే పోతే: దుమ్ము, రబ్బరు టోపీ చిరుగు. పొరుగున లేని నాలుగైదు మీటలు ఒకేసారి పోతే: ఒక గీత తెగింది, లేదా తుప్పు పట్టింది. అన్నీ పోతే: కేబుల్, పోర్టు, సెట్టింగు.

సెట్టింగు అన్నది తేలిగ్గా తీసుకోకండి. విండోస్‌లో కుడి షిఫ్ట్‌ను 8 సెకన్లు అదిమి పట్టుకుంటే ఫిల్టర్ కీస్ తెరుచుకుంటుంది. వెంటవెంట కొట్టే అక్షరాలను మింగేస్తుంది. షిఫ్ట్ ఐదుసార్లు కొడితే స్టిక్కీ కీస్. ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకునేవాళ్లు షిఫ్ట్ పట్టుకుని ఒత్తక్షరం కోసం వెతుకుతూ ఉంటారు కాబట్టి ఈ రెండింటిలో పడతారు. పాత చిన్న ల్యాప్‌టాపుల్లో నమ్‌లాక్ పడితే జె, కె, ఎల్ మీటలు 1, 2, 3 అవుతాయి; యు, ఐ, ఓ 4, 5, 6. తెలుగులో ర, క, త బదులు అంకెలొస్తే కీబోర్డు పాడైందని మార్పించకండి.

టీ ఒలికితే: వెంటనే ఆపండి, ఛార్జర్ తీసేయండి, బ్యాటరీ తీయగలిగేదైతే తీయండి, తెరను గుడారంలా తెరిచి బోర్లించండి. హెయిర్ డ్రయ్యర్ వేడి పొరలను వంకర చేస్తుంది, వాడొద్దు. పాలూ చక్కెరా ఉన్న టీ ఎండినా గీతల మీద జిగురుగా మిగిలి నెమ్మదిగా తుప్పు పట్టిస్తుంది. అందుకే “రెండు వారాలు బాగానే పనిచేసింది, ఇప్పుడు పోయింది” అంటారు. విప్పి 90 శాతం పైబడిన ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడవాలి.

ల్యాప్‌టాప్ కీబోర్డు మార్పిస్తుంటే ముందు అడగాల్సింది: స్క్రూలా, ప్లాస్టిక్ రివెట్లా? స్క్రూలైతే పావుగంట పని. రివెట్లైతే పైపలకకు కరిగించి అతికించి ఉంటుంది. పలకతో సహా కొనాలి, లేదా రివెట్లు కోసి మళ్లీ కరిగించాలి. రిబ్బన్ కేబులును లాగొద్దు. సాకెట్టుకున్న సన్న గొళ్లెం పైకెత్తితే అదే వదులవుతుంది. గొళ్లెం విరిగితే మదర్‌బోర్డు పని అవుతుంది.

మెకానికల్ కీబోర్డు అంటే ప్రతి మీటకూ విడి స్విచ్. చెర్రీ ఎంఎక్స్ రెడ్ స్విచ్ 4 మిల్లీమీటర్లు దిగుతుంది, 2 దగ్గరే అక్షరం పడుతుంది, సుమారు 45 గ్రాముల బరువు చాలు. అడుగంటా కొట్టక్కర్లేదు కాబట్టి రోజంతా టైపు చేసేవాళ్ల వేళ్లకు శ్రమ తగ్గుతుంది.

బడిగంట · #11

రూపాయి గుర్తు ₹ కొన్ని మెషీన్లలో వస్తుంది, కొన్నింట్లో రాదు. కీబోర్డు తేడానా?

స్క్రూడ్రైవర్ · #12

పరికరం తేడా కాదండీ, అమరిక తేడా. 4 మీట మీద ₹ ముద్ర ఉన్నా లేకపోయినా ఒక్కటే. భాష ‘ఇంగ్లీష్ (ఇండియా)’ అయితే కుడి ఆల్ట్, 4 కలిపితే వస్తుంది. ‘ఇంగ్లీష్ (యుఎస్)’ అయితే రాదు. ఈ గుర్తును ప్రభుత్వం 2010 జూలైలో ఆమోదించింది, ఆ ఏడాది అక్టోబరులోనే యూనికోడులో చేరింది. పదకోశం గారికి పనికొచ్చే ఉదాహరణ ఇది: ఒకే కీబోర్డు, రెండు కీబోర్డులు.

శ్రుతిపెట్టె · #13

వాద్యం సంగతి. తెలుగునాట ‘కీబోర్డు’ అంటే ఎలక్ట్రానిక్ వాద్యం. పియానోను, హార్మోనియంను ఆ పేరుతో పిలవం. హార్మోనియంకు ‘మెట్లు’ అంటాం. ఈ మాట కీబోర్డుకు కూడా వాడవచ్చు, నాటక సమాజాల వాళ్లు వాడుతూనే ఉన్నారు.

పియానోకు 88 మెట్లు (52 తెల్లవి, 36 నల్లవి). మామూలు కీబోర్డుకు 61, అంటే ఐదు స్థాయిలు, పైన ఒక మెట్టు. తెల్లవి 36, నల్లవి 25. శ్రుతి లెక్క మెట్ల మీదే ఉంటుంది. తెల్లవాటికి పూర్ణాంకాలు, నల్లవాటికి అర: సి ఒకటి, దాని పక్క నల్లది ఒకటిన్నర, డి రెండు, అలా బి ఏడు. మూడున్నర, ఏడున్నర శ్రుతులు లేవు, ఎందుకంటే ఇ, ఎఫ్‌ల మధ్యా, బి, సిల మధ్యా నల్ల మెట్టు లేదు. ఒకటి శ్రుతిలో మాయామాళవగౌళ వాయిస్తే రెండే నల్లవి తగులుతాయి, శుద్ధ రిషభం, శుద్ధ ధైవతం. మోహనానికి ఒక్కటీ తగలదు.

గాయని శ్రుతి ఐదున్నర. వేళ్లకు ఒకటి శ్రుతే అలవాటు. అప్పుడు ట్రాన్స్‌పోజ్ (అన్ని మెట్ల శ్రుతినీ ఒకేసారి జరిపే ఏర్పాటు) 8 అర్ధస్వరాలు పైకి, లేదా 4 కిందికి. రెండూ ఒకే స్వరం, స్థాయి వేరు. కిందికి దింపితే గొంతుకు దగ్గరగా ఉంటుంది. కచేరీ అయ్యాక సున్నాకు తేకపోతే తర్వాత కూర్చున్నవారి మొదటి పాటే అపశ్రుతి. నాదస్వరమో పాత హార్మోనియమో పక్కనుంటే అవి 440 హెర్ట్జ్‌కు సరిగ్గా ఉండవు. ట్రాన్స్‌పోజ్‌తో అది సర్దుకోదు, ఫైన్ ట్యూన్ కావాలి; 442కు సుమారు 8 సెంట్లు (సెంటు అంటే అర్ధస్వరంలో నూరో వంతు) పెంచాలి.

గమకం మెట్ల వాద్యానికి మొదటి నుంచీ ఉన్న ఇబ్బందే. ఆకాశవాణి 1940 నుంచి 1971 దాకా హార్మోనియంను దూరం పెట్టడానికి చూపిన ప్రధాన కారణాల్లో ఇదొకటి: మెట్టుకూ మెట్టుకూ మధ్య జారే స్వరం పలకదు. కీబోర్డుకు పిచ్ బెండ్ చక్రం ఉంది. మామూలుగా రెండు అర్ధస్వరాలు పైకీ, రెండు కిందికీ వంగుతుంది. ఎడమచేతి వేలు చక్రం మీద, కుడిచేయి మెట్ల మీద. పొరపాటు ఎక్కడంటే, ఆ చక్రం ఆ గొంతులో (అంటే ఎంచుకున్న వాద్యధ్వనిలో) మోగుతున్న స్వరాలన్నింటినీ ఒకేసారి వంచుతుంది. అదే గొంతులో షడ్జమం పట్టి ఉంచితే అదీ వణుకుతుంది. శ్రుతికి వేరే పెట్టె పెట్టుకోవాలి.

సస్టెయిన్ పెడల్ తిరగబడి పనిచేస్తే (తొక్కితే ఆగడం, వదిలితే సాగడం) పెడల్ పాడవలేదు. చాలా కీబోర్డులు ఆన్ అయ్యేటప్పుడే పెడల్‌ను గుర్తుపడతాయి. ఆఫ్ చేసి, పెడల్ పెట్టి, కాలు ఆనించకుండా ఆన్ చేయండి. అడాప్టర్ మార్చేటప్పుడు వోల్టులే కాదు, పిన్ను మధ్యది ప్లస్సా మైనస్సా అన్నది వెనక బొమ్మలో చూడండి. 9, 12 వోల్టుల రకాలు రెండూ చూడటానికి ఒకేలా ఉంటాయి.

మనిషి అన్న అర్థం: “కీబోర్డు ఎవరు?”, “వయొలిన్ ఎవరు?” అన్నట్టే. ఇది కీబోర్డుకే ప్రత్యేకం కాదు, వాద్యాలన్నింటికీ ఉంది. విడి అర్థంగా ఇవ్వాలా అన్నది ఆలోచించండి.

దూరతీరం · #14

ఫోన్ అర్థం మీద క్లుప్తంగా. ఆండ్రాయిడ్‌లో ‘కీబోర్డు’ అంటే యాప్. జీబోర్డులో తెలుగు చేరిస్తే తెలుగు అక్షరాల అమరిక, ఇంగ్లీషుతో కొట్టేది, చేతిరాత అని రకాలుంటాయి. ఒకదాన్ని ఎంచుకుని తక్కినవి వద్దన్నా పర్వాలేదు. కొత్త కీబోర్డు యాప్ వేసేటప్పుడు “మీరు కొట్టే పాస్‌వర్డులతో సహా అంతా ఇది సేకరించగలదు” అని ఫోన్ హెచ్చరిస్తుంది. అది ఏ కీబోర్డుకైనా వస్తుంది గానీ, ఉత్త మాట కాదు. ప్రతి అక్షరం ఆ యాప్ గుండానే పోతుంది. ఎవరు చేశారో తెలియని రంగురంగుల కీబోర్డు ఉన్న ఫోన్లో బ్యాంకు లావాదేవీ చేయకండి.

‘కీప్యాడ్’ను కలపొద్దు. తెలుగులో ‘కీప్యాడ్ ఫోన్’ అంటే అంకెల మీటలున్న చిన్న ఫోన్, స్మార్ట్‌ఫోన్ కానిది. దానికి వేరే ఆరోపం కావాలి.

నుడిగుడి · #15

లాడ్జి గోడది రాయడం మరవకండి. కొక్కేలకు తాళాలు తగిలించే చెక్కను ఇంగ్లీషులోనూ కీబోర్డు అంటారు. తెలుగులో దీన్ని ‘కీ బోర్డు’ అని విడదీసి, ‘బోర్డు’ మీద ఊనికతో పలుకుతారు. అక్కడ మీట లేదు, తాళంచెవే ఉంది, కాబట్టి ‘మీటల పలక’ పర్యాయపదం ఈ అర్థానికి చెల్లదు. ఆ గీత స్పష్టంగా గీయాలి.

పదకోశం · #16

అందరికీ ధన్యవాదాలు. రెండో అర్థం ఇలా రాశాను, చూసి చెప్పండి:

“2. ఏ మీటకు ఏ అక్షరమో నిర్ణయించే అమరిక. ‘నీది యాపిల్ కీబోర్డా, మాడ్యులరా?’ (డీటీపీ). పరికరం మారకుండా ఇది మారవచ్చు. లిప్యంతరీకరణ పద్ధతులను కూడా వాడుకలో ఇలా పిలుస్తారు. ఫాంటు ఎన్‌కోడింగ్‌కు ఈ మాట వర్తించదు.”

మనిషి అన్నదాన్ని విడి అర్థంగా తీసి, వాద్యం కిందే ‘లక్షణ’ (ముఖ్యార్థం నుంచి సాగిన అర్థం) అని చేరుస్తున్నాను. తాళాల చెక్కకు ‘కీ బోర్డు’ అని వేరే ఆరోపం.

అచ్చుపని · #17

బాగుంది. ఒక్క దిద్దుబాటు. ‘నిర్ణయించే అమరిక’ అంటే మీట ఒక్కటే అనిపిస్తుంది. షిఫ్ట్‌తో వచ్చే అక్షరం కూడా అమరికలో భాగమే, అక్కడే ఆపరేటర్లు తడబడేది. “ఏ మీటకు, షిఫ్ట్‌తోనూ అది లేకుండానూ, ఏ అక్షరమో” అని పెట్టండి. టైపు ఇన్‌స్టిట్యూట్ అర్థం కూడా దీని కిందికే వస్తుంది: “కీబోర్డు అయిపోయింది” అంటే ఆ అమరిక చూడకుండా వేళ్లకు వచ్చేసిందని.

పదకోశం · #18

రెండూ మార్చాను. టైప్‌రైటరు వాక్యం 2(ఆ) కింద చేర్చాను.